పాత పెట్టెలో ఆఖరి భాగం

పాప పుట్టాక నాలుగేళ్ళ పాటు మా ఆయన మొహం నేను ఎక్కువగా నిద్రలోనే చూశాను. ఆయన నా మొహం చూసిందీ అంతే. ఇదేదో కవిత్వం అనుకునేరు, కాదు, డ్యూటీల గోల. ఆయన న్యూజీలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో సిటీ బస్సు డ్రైవరు, సాయంత్రం షిఫ్టు. నేను మా పేట జాన్సన్‌విల్‌లోనే, ముసలివాళ్ళని చూసుకునే రెస్ట్ హోమ్‌లో పొద్దుటి షిఫ్టు. ఆయన ఆఖరి బస్సు డిపోలో పెట్టి ఇంటికి వచ్చేసరికి నేను పాపని కరుచుకుని పడుకుని ఉండేదాన్ని. నేను తెల్లారకముందే లేచి యూనిఫాం తొడుక్కునేసరికి ఆయన దుప్పటి తల మీదకి లాక్కుని ఉండేవారు.

ఇద్దరం ఒకే టైముకి పనికి పోతే పిల్లని ఎవరు చూస్తారు? అందుకని మేమే అడిగి మరీ ఎదురు షిఫ్టులు వేయించుకున్నాం. మాకు తెలిసిన తెలుగువాళ్ళలో సగం సంసారాలు అలాగే నడిచేవి. "మేం మొగుడూ పెళ్ళాలం కాదు ఆంటీ, డే డ్యూటీ, నైట్ డ్యూటీ" అని చర్చిలో ఒక ఆంటీతో అంటే ఆవిడ పకపకా నవ్వింది. "మా రోజుల్లోనూ అంతేనమ్మా. పిల్లలు పెద్దాళ్ళయ్యాక గానీ మీ అంకుల్‌కి బట్టతల వచ్చిందని నాకు తెలీలేదు" అంది.

పోనీ సెలవులైనా కలిసేవా అంటే అదీ లేదు. నాకు సెలవుండే శని ఆదివారాల్లో ఆయన పొద్దుటినించి రాత్రి దాకా బస్సు మీదే. చర్చికి నేనూ పాపా వెళ్ళేవాళ్ళం. ఆయనకి సోమ మంగళవారాలు సెలవైతే, ఆ సాయంత్రాలు నేను ఇంగ్లిష్ క్లాసుకి పరిగెత్తేదాన్ని. గుంటూరులో నర్సుగా చేసినదాన్ని ఇక్కడ నర్సు అనిపించుకోవాలంటే ముందు ఆ పరీక్ష గట్టెక్కాలి మరి.

మేం ఇద్దరం మెలకువగా ఎదురుపడేది మధ్యాహ్నం మూడుంపావు ప్రాంతంలో, ఓ పది నిమిషాలు. నేను బూట్లు విప్పుతుంటే ఆయన బూట్లు వేసుకునేవారు. దానికి హ్యాండోవర్ అని పేరు పెట్టాను. మా రెస్ట్ హోమ్‌లో షిఫ్టు మారేటప్పుడు ఎవరు తిన్నారు, ఎవరు జారిపడ్డారు, ఎవరికి ఏ మందు వేశాం అని వచ్చినవాళ్ళకి అప్పజెప్పి గానీ వెళ్ళకూడదు. దాన్నే హ్యాండోవర్ అంటాం. మా ఇంట్లోనూ అదే వరస.

"అన్నం తింది. పప్పు ఊసేసింది. ముక్కు కారుతోంది. మీ అమ్మ ఫోన్ చేసింది, డ్యూటీలో ఉందని చెప్పా. కూర మూత కింద ఉంది. వస్తా."

ఆ "వస్తా" ఒక్కటీ నన్ను చూసి అనేవారు. మిగతాదంతా బూటు లేసులకి చెప్పేవారు. తర్వాత తలుపు, తర్వాత కారు వెళ్ళిపోయిన చప్పుడు. ఆయన తాగి వదిలేసిన టీ కప్పు ఇంకా వెచ్చగానే ఉండేది. దాన్ని వెంటనే కడిగేదాన్ని కాదు. పిచ్చి అనుకోండి, కాసేపు రెండు చేతుల్తో పట్టుకుని నిలబడేదాన్ని. దూరదేశంలో ఉన్న మొగుడి మీద బెంగ పెట్టుకుంటే నలుగురూ అయ్యో అంటారు. ఒకే మంచం మీద పడుకునే మొగుడి మీద బెంగగా ఉందంటే ఎవరితో చెప్పుకోను? నవ్విపోతారు. కానీ బెంగే.

ఇక పెట్టె సంగతి. మా అద్దె ఇంటికి కేబుల్ టీవీ ఉండేది. దాని సెట్-టాప్ బాక్సులో కావలసిన కార్యక్రమాలు రికార్డు చేసి పెట్టుకోవచ్చు. మేం దాన్ని పెట్టె అనేవాళ్ళం. పాత మోడలు. ముట్టుకుంటే వేడి, లోపల ఎప్పుడూ ఏదో గురగురమనేది, జాగా చూస్తే పిసరంత. ఆయన క్రికెట్టు, పాప కార్టూన్లు, నా వంటల పోటీ, మూడూ అందులోనే ఇరుక్కోవాలి. ఆయన ఓ టెస్టు మ్యాచ్ పెట్టుకున్నారంటే సగం పెట్టె హాంఫట్. నిండిపోతే అన్నిటికన్నా పాతదాన్ని అదే చెరిపేసేది, మనల్ని అడిగే మర్యాద కూడా లేదు. ఒకసారి ఆయన ఇంకా చూడని మ్యాచ్ ఒకటి పాప కార్టూన్లకి బలైపోయింది. పిల్లని ఏమీ అనలేక పెట్టెని తిట్టారు. "దీని మొహం మండ, ఇదీ ఒక పెట్టేనా!"

వంటల పోటీ అంటే హోటల్ వంటవాళ్ళది కాదు. ఇళ్ళలో వండుకునే మామూలు మనుషులు వచ్చి వండితే, జడ్జిలు రుచి చూసి వారానికొకరిని ఇంటికి పంపేస్తారు. ఆ ఏడు న్యూజీలాండ్‌లో అందరూ దాని గురించే మాట్లాడుకునేవారు. అది వచ్చే టైముకి ఆయన ఊరి అటు చివర ఏ ఐలాండ్ బే లోనో బస్సు తిప్పుతూ ఉండేవారు, నేను పాపని జోకొడుతూ ఉండేదాన్ని. కాబట్టి పెట్టే గతి. మర్నాడు పొద్దున పాపకి అన్నం పెడుతూ ఆయన చూసేవారు, సాయంత్రం పాప పడుకున్నాక నేను చూసేదాన్ని.

ఒకరోజు హ్యాండోవర్‌లో ఆయన, "అన్నం తింది, ముక్కు తగ్గింది, పోటీలోంచి ఆ పొట్టి టీచరమ్మ వెళ్ళిపోయింది" అన్నారు.

నాకు ఒళ్ళు భగ్గుమంది. రోజంతా మంచాల దగ్గర నడుం విరగ్గొట్టుకుని వచ్చి, సాయంత్రానికి దాచుకున్న ముక్క అది. "మీరు ముందు తినేసి ఎంగిలి విస్తరి నా ముందు పెడతారా?" అని అరిచాను. ఆయన లేసు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయారు. పాప బిక్కమొహం వేసింది. ఆయనకి బస్సు టైమైపోతోంది. ఆ రోజు "వస్తా" కూడా అనకుండా వెళ్ళిపోయారు. సాయంత్రమంతా నా మీద నాకే చిరాకు. ఉన్నదే పది నిమిషాలు, అందులోనూ తగువా?

మర్నాడు ఆయనే రూలు పెట్టారు. "ఒకళ్ళు ఆపిన చోటే ఇంకొకళ్ళు ఆపాలి. ఒకళ్ళని వదిలేసి ఇంకొకళ్ళు దాటిపోకూడదు. సరేనా?"

మా అమ్మమ్మ తాతయ్య తినేదాకా విస్తరి ముందు కూర్చునేది కాదు. ఆ విషయంలో నేను వట్టి చెడ్డదాన్ని, ఆకలేస్తే దేవుడొచ్చినా ఆగను. అలాంటిదాన్ని మొగుడి కోసం టీవీ ఆపుకుని కూర్చున్నాను. ఆయన కూడా నా కోసం ఆగారు. మా తాతయ్య ఏనాడూ ఆగి ఎరగడు.

అప్పట్నించీ హ్యాండోవర్ రూపమే మారిపోయింది.

"అన్నం తింది. ముక్కు కారట్లేదు. మామ్మ కేకుని ఓవెన్లోంచి తీసి గిన్నె బోర్లిస్తుంది చూడు, అక్కడ ఆపా."

"విరిగిందా?"

"నాకేం తెలుసు? ఆపేశానుగా!"

మామ్మ అంటే ఆ పోటీలో ఒక సమోవా దీవుల పెద్దావిడ. చెవి పక్కన ఎర్రపువ్వు పెట్టుకుని వచ్చేది. ఏదీ తూచేది కాదు. ఉప్పు ఎంత వేశావని జడ్జిలు అడిగితే చెయ్యి చూపించి నవ్వేది. నేను ఆవిడ పార్టీ. ఆయనేమో గడ్డమాయన పార్టీ. గడ్డమాయన ఈ దేశానికి దక్షిణాన సముద్రంలో చేపలు పట్టుకునే మనిషి, మాట తక్కువ, చేపని కోస్తుంటే కళ్ళు అప్పగించి చూడాల్సిందే. వాళ్ళ అసలు పేర్లు మేమెప్పుడూ పలకలేదు. "మీ మామ్మకి మసాలా తెలీదే" అని ఆయన, "మీ గడ్డమాయనకి మనిషితో మాట్లాడ్డమే తెలీదు" అని నేను. ఒక్కోసారి వచ్చి మూత తీస్తే, కూర బదులు గడ్డమాయన చేసిన చేప ఉండేది, వెన్నా నిమ్మకాయా వేసి, పైన మన గుంటూరు కారం దట్టంగా చల్లి. ఒక్కదాన్నే కూర్చుని తినేదాన్ని. బాగుందని చెప్పాలంటే మర్నాటి మూడుంపావు దాకా ఆగాలి.

ఆ హాల్లో మాకొక సోఫా ఉండేది. ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక కివీ, అంటే ఈ దేశపు, ముసలావిడ దగ్గర కొన్నాం. ఆకుపచ్చది, సరిగ్గా ఇద్దరికే సరిపోతుంది. ఆయనా డిపోలో ఆయన పంజాబీ స్నేహితుడూ దాన్ని మా మెట్ల మీదుగా మోసుకొచ్చారు. ఎడమ పక్క ఆయన కూర్చునే చోటు కాస్త దిగిపోయింది, కుడి పక్క నాది. పొద్దున నా పక్క ఖాళీ, సాయంత్రం ఆయన పక్క ఖాళీ. పాప ఎక్కి ఎడమ పక్క కూర్చోబోయి, "దిస్ ఈజ్ నాన్నాస్ సైడ్" అని తనే దిగిపోయేది. నేను కూడా ఆ పక్క కాళ్ళు చాపుకునేదాన్ని కాదు. టీవీలో మామ్మ ఏదైనా మాడ్చుకుంటే నవ్వి పక్కకి తిరిగేదాన్ని. అక్కడ ఎవరూ ఉండేవారు కాదు. ఎన్నిసార్లు తిరిగినా బుద్ధి రాలేదు నాకు.

పోటీ ఆఖరికి వచ్చింది. చూడండి మా అదృష్టం, మిగిలిందెవరయ్యా అంటే మామ్మా, గడ్డమాయనా! ఆఖరి భాగం రికార్డయిన మర్నాడు ఆయన బూట్లు వేసుకోవడం ఆపి నా వైపు చూశారు.

"ఇది మాత్రం విడివిడిగా వద్దే. కలిసి చూద్దాం."

"ఎప్పుడు?"

"ఎప్పుడో ఒకప్పుడు. ఏం, మనకంటూ ఓ రోజు దొరక్కపోద్దా?"

ఆ మాటకే నాకు పెళ్ళినాటి సంబరం వచ్చింది. కానీ రోజు దొరకడం మాటలా? లీవులన్నీ పాప జ్వరాలకి దాచుకునేదాన్ని. టీవీ చూడాలి, లీవివ్వండి అని ఏ మొహం పెట్టుకుని అడగను? వారాలు గడిచిపోతున్నాయి. పెట్టె నిండిపోతోంది. ఆఖరి భాగం ఎక్కడ ఎగిరిపోతుందోనని దానికి చెరపొద్దని గుర్తు పెట్టి, మిగతావి ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాను. ఆయన క్రికెట్టు పోయింది. పాప కార్టూన్లు పోయాయి, పిల్ల రాగం తీసింది. అయినా దాన్ని ముట్టుకోలేదు.

ఇంకోపక్క ఎవరు గెలిచారో చెవిన పడకుండా కాచుకోవాలి కదా. రెస్ట్ హోమ్‌లో నేను చూసుకునే ఒక ముసలమ్మకి నోరాగదు. పొద్దున్నే స్నానం చేయిస్తుంటే, "చూశావా నువ్వు నిన్న? చివరికి ఎవరు..." అని మొదలెట్టింది. సబ్బు చేతుల్తోనే చెవులు మూసుకుని లాలలా అని పాట అందుకున్నాను. ఆవిడ, ఈ ఇండియన్ పిల్లకి మతి పోయిందని నర్సుతో చెప్పిందట. ఫోన్లో వెతికితే నిమిషంలో తెలిసేది. వెతకలేదు. రూలు రూలే.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను ఇంట్లోకి వచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది. అన్నం తిందో లేదో కూడా చెప్పలేదు. "నీకో మంచి వార్త. కేబుల్ వాళ్ళు పాత పెట్టెలన్నీ మార్చేస్తున్నారంట. కొత్తదాంట్లో జాగాకి కొదవే లేదు. ఒకేసారి రెండు ప్రోగ్రాములు రికార్డు చేసుకోవచ్చంట. వచ్చే గురువారం మధ్యాహ్నం మనిషొచ్చి పెట్టి, పాతది పట్టుకుపోతాడు. ఇంక నువ్వు ఏదీ చెరుపుకోనక్కర్లా."

"పట్టుకుపోతాడా?" అన్నాను. "మరి అందులో ఉన్నవి?"

ఆయన మొహం చూడాలి అప్పుడు. పాపం, ఆ ఆలోచనే రాలేదు. నా కోసమని సంతోషంగా ఒప్పేసుకున్నారు. వెంటనే ఫోన్ చేసి అడిగాను. పాత రికార్డింగులు కొత్తదాంట్లోకి రావు, ఆ పెట్టెతోనే పోతాయి, నెలాఖరుకి పాత పెట్టెలు ఎటూ పనిచేయడం మానేస్తాయి అన్నారు. అంటే ఆఖరి భాగం కలిసి చూడాలంటే గురువారం లోపే. ఆయన ఒక బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని, "నా తెలివి తెల్లారినట్టే ఉంది" అన్నారు.

కానీ ఆ పెట్టె మార్చడమే మాకు దారి చూపించింది. టీవీ చూడ్డానికి లీవు అడగలేను గానీ, ఇంటికి టెక్నీషియన్ వస్తున్నాడంటే ఈ దేశంలో ఎవరూ కాదనరు. మా మేనేజరు తల ఊపి గురువారం సెలవిచ్చేసింది. చర్చి ఆంటీ పాపని తీసుకెళ్తానంది. "ఏంటమ్మా విశేషం?" అని అడిగితే టీవీ అని చెప్పడానికి సిగ్గేసి, పనుందన్నాను. ఆవిడ ఏమనుకుందో గానీ ముసిముసిగా నవ్వింది.

గురువారం వచ్చింది. ముందురోజు ఆయన ఎప్పటిలాగే ఆఖరి బస్సు దిగి, ఎప్పుడో వచ్చి పడుకున్నారు. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను గదా, పది దాకా పడుకోవచ్చు. పడుకుంటేనా? పాపతో పాటే లేచి కూర్చున్నారు. టెక్నీషియన్ వచ్చి టీవీ వెనక బూజు చూస్తే పరువు పోతుందని చీపురు పట్టారు. వైర్లు తుడిచారు. సోఫా జరిపి దాని కింద ఊడ్చారు. పాప క్రేయాన్లు, ఎండిన చపాతీ ముక్క, నా జడ క్లిప్పులు, అన్నీ బయటపడ్డాయి. "ఈ సోఫా కింద ఇంకో సంసారం నడుస్తోందే" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన నవ్వు పగటి వెలుతురులో విని ఎన్నాళ్ళయిందో.

ఆంటీ వచ్చి పాపని తీసుకెళ్ళింది. ఇక నేను చేసిన తెలివితక్కువ పని వినండి. మొగుడు ఎదురుగా కూర్చుని వేడన్నం తినడం చూసి నాకు ఎంతకాలమైందో గుర్తే లేదు. రోజూ మూతల కింద చల్లారిన కూరలే మా కాపురం. అందుకని ఆ పూట నేను ఆగలేదు. టమాటా పప్పు, కోడి వేపుడు, ఆంటీ ఇచ్చిన ఆవకాయ, నెయ్యి. ఆయన చాలంటున్నా వినకుండా మారు వడ్డించాను. చివర గడ్డపెరుగు వేసి గరిటెడు అన్నం ఎక్కువే పెట్టాను. "తినండి, మళ్ళీ ఎప్పుడు పెడతానో" అన్నాను. బుద్ధిగా తిన్నారు. నిద్ర చాలని మనిషికి పెరుగన్నం పెట్టి, ఎండ పడే సోఫాలో కూర్చోబెట్టి, టీవీ పెట్టడం! ఇలాంటి పని తెలుగింటి ఆడది తప్ప ఇంకెవరూ చేయరు.

కూర్చున్నాం. ఆయన ఎడమ పక్క, నేను కుడి పక్క. మొదట్లో పెళ్ళిచూపుల్లోలాగా ఇద్దరికీ ఏం మాట్లాడాలో తెలీలేదు. ఆయన భుజం నా భుజానికి తగులుతోంది. ఆయన పక్కన ఉంటే సోఫా ఇంత ఇరుకా అనిపించింది. బయట జాన్సన్‌విల్ గాలి కిటికీ అద్దాల్ని ఊపేస్తోంది, లోపల ఎండ మా కాళ్ళ మీద పడుతోంది.

ఆఖరి భాగం పెట్టాను. గడ్డమాయన చేప తీశాడు. "చూడవే, చూడు, ఎలా కోస్తాడో" అని ఆయన. మామ్మ కొబ్బరికాయ కొట్టి చిప్పలు జడ్జికి చూపించింది. "మా మామ్మ ముందు మీవాడు బలాదూరు" అని నేను. నవ్వి పక్కకి తిరిగితే మనిషున్నాడు. నిజంగా ఉన్నాడు. నాకు అంతకన్నా ఏం కావాలి?

మామ్మ కుండలో గరిటె తిప్పింది. తిప్పి, ఉప్పు పట్టుకుని గుప్పిట ఎత్తింది. "ఇప్పుడు చూడండి, తూచదు" అన్నాను. ఇంకోసారి అన్నాను. నా భుజం మీద బరువు పడింది. మరుక్షణం సన్నగా గురక.

రిమోట్ తీసుకుని ఆపేశాను. తెర మీద మామ్మ గుప్పిట కుండ మీద అలాగే నిలిచిపోయింది.

లేపాలా? సాయంత్రం నుంచి అంతమంది జనాన్ని ఎక్కించుకుని కొండల మలుపుల్లో బస్సు తిప్పాల్సిన మనిషి. పోనీ గొంతు తగ్గించి నేనొక్కదాన్నే చూసేయనా? ఇంకో గంటలో పెట్టె వెళ్ళిపోతుంది, మళ్ళీ ఈ జన్మలో దొరకదు. వేలు మీట మీదకి వెళ్ళింది కూడా. నొక్కలేకపోయాను. ఇన్ని నెలలు నా కోసం ఆగిన మనిషిని, ఆయన నిద్రలో ఉండగా దాటిపోతే ఇంక రూలెందుకు?

అలాగే కూర్చున్నాను. చెయ్యి తిమ్మిరెక్కింది, కదపలేదు. ఆయన చెవి పైన నాలుగు తెల్ల వెంట్రుకలు కనబడ్డాయి. ఎప్పుడొచ్చాయో ఏమో. గడ్డం గీసుకుంటూ కోసుకున్న చిన్న గాటు. కొబ్బరినూనె వాసనలో కలిసిపోయిన బస్సు వాసన. రోజూ పక్కనే పడుకునే మనిషిని ఊరి నుంచి వచ్చిన చుట్టంలా కళ్ళారా చూసుకున్నాను. బెంగ తీరుతుందనుకుంటే ఇంకా ఎక్కువైంది. ఆ టెక్నీషియన్ దారి తప్పితే బాగుండు ప్రభువా అని ప్రార్థన కూడా చేశాను. నవ్వకండి, నిజంగానే చేశాను.

ప్రభువు వినలేదు. మూడు కొట్టేసరికి తలుపు చప్పుడైంది. ఆయన ఉలిక్కిపడి లేచారు. టీవీ అప్పటికే నల్లగా ఉంది, చాలాసేపు ఆపేస్తే దానంతటదే ఆరిపోతుంది.

"అయిపోయిందా? అయ్యో, పడుకున్నానా? ఎవరు గెలిచారే?"

ఆ కంగారు మొహం చూసి, నేను చూడలేదని చెప్పబుద్ధి కాలేదు. రోజంతా తన వల్ల పాడైందని కుమిలిపోతారు. "ఇంకెవరు, మీ గడ్డమాయనే" అనేశాను.

ఆయన ఒక్క క్షణం నన్నే చూశారు. తర్వాత మొహం విప్పారింది. "చూశావా! నేను చెప్పలా? మీ మామ్మ తట్టుకోలేదని!" అని తొడ కొట్టి, గబగబా బూట్లు వేసుకున్నారు. టెక్నీషియన్ లోపలికి, ఆయన బయటికి.

వచ్చినతను మంచివాడు. గుమ్మంలో మా చెప్పులు చూసి తనూ బూట్లు విప్పుకుని వచ్చాడు. వైర్లు పీకి, కొత్తది తగిలించి, పాతదాన్ని చంకలో పెట్టుకున్నాడు. "చాలా వేడెక్కిందే, ఇప్పటిదాకా చూస్తున్నారా?" అని అడిగాడు. అవునన్నాను. అందులో ఉన్నదంతా ఏమవుతుందని అడిగితే, తుడిచేస్తారని చెప్పాడు. మామ్మ గుప్పిట అలాగే ఎత్తి ఉండగానే మెట్లు దిగిపోయాడు. నేను కిటికీలోంచి వ్యాను వెళ్ళేదాకా చూశాను.

కొత్త పెట్టె నల్లగా, సన్నగా, చప్పుడు చేయకుండా ఉండేది. జాగా చెప్పినట్టే బోలెడు. ఆయన క్రికెట్టు ఆయనకి, పాపవి పాపకి, నావి నాకు. ఏదీ చెరపక్కర్లేదు. ఏదీ తొందరగా చూడనక్కర్లేదు కూడా. "తర్వాత చూద్దాంలే" అని పడేస్తూ పోయాం. ఇంకో వంటల ప్రోగ్రాం మొదలైంది, ఒక్కటి కూడా వదలకుండా రికార్డయింది. ఆయన ఒక భాగం చూశారో లేదో, నేను మొదలే పెట్టలేదు. ఎక్కడ ఆపారని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. హ్యాండోవర్ మళ్ళీ పాత పాటకి వచ్చేసింది. అన్నం తింది, ముక్కు కారుతోంది, వస్తా. పాత పెట్టెకి జాగా లేదని ఎన్ని శాపనార్థాలు పెట్టానో! జాగా లేకపోబట్టే కదా రోజూ ఒకరి కోసం ఒకరం పరిగెత్తి చూశాం. దాని మీదా బెంగ పెట్టుకున్నాను చివరికి.

ఒక్కటి మాత్రం మిగిలింది. ఏ చేప కూర వండినా ఆయన, "మా గడ్డమాయన గెలిచాడుగా, మీ మామ్మ ఏం చేస్తోందో పాపం, ఇంట్లో కూచుని ఏడుస్తోందా?" అని ఏడిపించేవారు. నేను పళ్ళు నూరుకుని ఊరుకునేదాన్ని. నీ సంతోషం కోసం అబద్ధం ఆడానయ్యా మగడా, నా గొప్పతనం నీకేం తెలుసు అని లోపల అనుకునేదాన్ని.

క్రిస్మస్ దగ్గర పడింది. నా క్లాసులకి సెలవులిచ్చారు. ఒక మంగళవారం నా డ్యూటీ అయ్యాక ముగ్గురం సూపర్‌మార్కెట్‌కి వెళ్ళాం, కేకులోకి ఎండుద్రాక్షా జీడిపప్పూ కొనడానికి. బిల్లు కట్టే వరస పక్కన పుస్తకాలు పేర్చారు. వాటిలో ఒక వంటల పుస్తకం అట్ట మీద మామ్మ. చెవి పక్కన ఎర్రపువ్వు, చేతిలో ఉప్పు. కింద పెద్ద అక్షరాలతో ఆ ఏటి విజేత అని.

మా మామ్మ గెలిచిందా! ఆ సంతోషం పూర్తిగా రానేలేదు, నా అబద్ధం గుర్తొచ్చి చెమటలు పట్టాయి. ఆయన చూడకుండా సరుకుల బండి తిప్పేద్దామని వెనక్కి తిరిగితే, ఆయన అక్కడే నిలబడి ఆ పుస్తకాన్నే చూస్తున్నారు. మీసాల్లో నవ్వుతున్నారు.

"నాకు తెలుసులే" అన్నారు.

"ఏం తెలుసు?"

"మీ మామ్మే గెలిచిందని. అది టీవీలో వచ్చిన మర్నాడే డిపోలో పేపర్ మీద ఆవిడ ఫోటో చూశా. టీ కప్పు కింద పెట్టబోతే కనబడింది."

"మర్నాడే! అంటే ఆ గురువారం నాటికి మీకు తెలుసా? తెలిసీ నన్ను ఇన్నాళ్ళు ఏడిపించారా?"

"మరి నువ్వు చెప్పిన అబద్ధాన్ని ఎవరు కాపాడతారు?"

"ఎవరు గెలిచారో తెలిశాక ఇంక కలిసి చూడ్డం దేనికి? హాయిగా మంచం మీద పడుకోవాల్సింది కదా, చీపురు పట్టి, బూజు దులిపి..."

ఆయన బండిలో ద్రాక్ష పాకెట్టు అటు సర్ది, ఇటు సర్ది అన్నారు. "సోఫా కొని రెండేళ్ళయిందే. ఒక్కసారన్నా ఇద్దరం కూర్చోవద్దా?"

అక్కడే, అంతమంది మధ్యలో, నాకు ఏడుపొచ్చింది. "అమ్మా, వై ఆర్ యూ క్రయింగ్?" అని పాప నా కుచ్చిళ్ళు లాగినట్టు ప్యాంటు లాగింది. "ఉల్లిపాయలమ్మా" అన్నారు ఆయన. మా బండిలో ఒక్క ఉల్లిపాయ కూడా లేదు. పుస్తకం మాత్రం కొన్నాం.

ఇంటికి నడుస్తూ ఆయన అడిగారు. "నన్ను వదిలేసి నువ్వు చూసి ఉండవులే. ఇంతకీ ఎక్కడ ఆపావు?"

"మామ్మ ఉప్పు ఎత్తిన చోట."

"నేను కొబ్బరికాయ దాకే చూశా. అంటే నువ్వు నన్ను దాటిపోయావన్నమాట. రూలు తప్పావే."

"మీరు పడుకున్నారని తెలిసేసరికి అంత దూరం వచ్చేశానండీ" అన్నాను. ఆయన సరేలే అన్నట్టు నా చేతిలో సంచీ తీసుకున్నారు.

మర్నాడు బుధవారం, ఆయనకి మళ్ళీ సాయంత్రం డ్యూటీ. నేను వచ్చి బూట్లు విప్పుతున్నాను. ఆయన వేసుకుంటున్నారు.

"అన్నం తింది. ముక్కు కారట్లేదు. మామ్మ గుప్పిట్లో ఉప్పు కుండలో వేసింది. జడ్జి చెంచా తీసుకున్నాడు."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. మేం చూడకుండా మిగిలిపోయిన కథని తనే అల్లి చెబుతున్నారని అర్థమయ్యాక బూటు చేతిలోనే ఉండిపోయింది. "తర్వాత?"

"తర్వాతది రేపు" అన్నారు, లేసులకి కాదు, నన్ను చూసి. తలుపు పడింది. కారు వెళ్ళిన చప్పుడైంది. వెళ్ళి టీ కప్పు పట్టుకున్నాను. ఇంకా వెచ్చగానే ఉంది.